గీతల మావయ్య, నా కొత్త గిటార్

గీత పడితే?

మా కుటుంబంలో ఎవరు ఏ కొత్త వస్తువు కొన్నా ముందు నోట్లోంచి వచ్చే మాట ఇదే. ధర ఎక్కువైందా, ఇంట్లో పడుతుందా, అసలు అవసరమా అన్న ప్రశ్నలు ఆ తర్వాత. మా ఇళ్లలో ఈ భయానికి ఒక రూపం ఉంది, రెండు చేతులున్నాయి, కుడి జేబులో పొడవాటి ఇత్తడి తాళంచెవి కూడా ఉంది. ఆయన మా అమ్మ తమ్ముడు. బంధువులందరికీ గీతల మావయ్య.

మావయ్య ప్రత్యేకత ఒక్కటే. కొత్త వస్తువున్న ఇంట్లో ఆయన కాలు పెడితే, తిరిగి చెప్పులు వేసుకునేలోపు దానికి మొదటి గీత పడుతుంది. పడ్డాక ఆయన చేసేదీ ఎప్పుడూ ఒకటే. "అయ్యో, గీత పడిందే" అంటాడు. ఆ అయ్యోలో వెతికినా విచారం దొరకదు. బొటనవేలితో ఒకసారి రుద్ది చూసి, చెరగదని తేల్చుకుని, "ఇక ఇది మనదైంది" అంటాడు. తర్వాత టీ అడుగుతాడు.

ఆయన ఉద్యోగం వాహనాల బీమా సర్వేయరు. గుద్దుకున్న కార్ల చుట్టూ తిరిగి సొట్టలు కొలవడం పని. పగలంతా ఊళ్లోవాళ్ల గీతలు చూసి చూసి, ఇంటికొచ్చేసరికి సొంత గీత ఒకటి గీయకపోతే చేతులు ఊరుకోవని నాన్న అనేవాడు. సొంత స్కూటర్‌ని కూడా మావయ్య వదల్లేదు. షోరూం వాళ్లు దండ వేసి, ఫోటో తీసి, తాళం చేతికిచ్చిన నిమిషంలో దాని పక్కన వంగి తాళంచెవితో వేలెడు గీత గీశాడట. అమ్మిన కుర్రాడు గోడ పట్టుకున్నాడని అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది.

నా చిన్నప్పుడు మా ఇంటికి మొదటి ఫ్రిజ్ వచ్చింది. మావయ్య చూడ్డానికి వచ్చాడు, తలుపు మీద జానెడు గీత పడింది. గొడుగు తగిలిందన్నాడు. బయట వానా లేదు, ఎండా లేదు. మా నానమ్మ ఆ తర్వాత ఆయన ఎప్పుడు వచ్చినా ఫ్రిజ్‌కి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చునేది, ఆయన వెళ్లేదాకా లేచేది కాదు. పిన్ని వాళ్లు డైనింగ్ టేబుల్ కొన్నారు, దాని మెరుగు మీద తెల్లటి చక్రం పడింది. వేడి గిన్నె తానే పెట్టానన్నాడు మావయ్య. వంటింటి వైపు చూడని మనిషి ఆ పూటే గిన్నె ఎందుకు మోశాడని ఎవరూ అడగలేదు. బాబాయి కొత్త కారుకి వెనక బంపరు దగ్గర గీత, పక్కనే సొట్ట. వెనక్కి తీస్తూ తానే కొట్టానని చెప్పి, ఆ సొట్టని ఆయనే టేపు పెట్టి కొలిచి, రిపోర్టు చదివినట్టు వివరాలన్నీ బాబాయికి చెప్పాడు.

అలా మావయ్య వస్తున్నాడంటే మా ఇళ్లలో దుప్పట్లు బయటికొచ్చేవి. టీవీ మీద ఒకటి, సోఫా మీద ఒకటి. ఆయన ఆ దుప్పట్ల మధ్య హాయిగా కూర్చుని, "ఏం కొన్నారేంటి కొత్తగా?" అని అడిగేవాడు. ఏమీ కొనలేదని అందరం ఒక్క గొంతుతో చెప్పేవాళ్లం.

ఇదంతా తెలిసీ నేను గిటార్ కొన్నాను.

నేను చదివింది కెమిస్ట్రీ. నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం. మాకు నాలుగేళ్ల పాప. దానికి దగ్గొస్తే కారణాలు పదిరకాలుగా ఊహించుకుంటాను, దగ్గు తగ్గితే ఎందుకు తగ్గిందా అని దిగులు పడతాను. కాస్త మనసు మళ్లించుకోమని మా ఆయనే నన్ను గిటార్ క్లాసులో చేర్పించాడు. మొదట కొన్నది అట్టపెట్టెకి తీగలు కట్టినట్టుండే చవక గిటార్. తీగలు చెక్కకి ఎంత ఎత్తులో ఉండేవంటే, వాటిని నొక్కేసరికి వేళ్ల చివర్లు కందిపోయేవి. కొన్ని నెలలు తిరిగేసరికి నాకు మూడు పాటలు వచ్చాయి. వాటిలో ఒకటి విని మా ఆయన ఏ పాటో సరిగ్గా గుర్తుపట్టాడు కూడా.

గిటార్ మాస్టారు మంచి అకూస్టిక్ గిటార్ తీసుకోమన్నాడు. చవకదాంతో వేళ్లు నొచ్చి చాలామంది మధ్యలోనే మానేస్తారని, మంచిదైతే సగం పని అదే చేస్తుందని ఆయన వాదన. ముందు నేర్చుకుని తర్వాత కొనుక్కోమని మా ఆయన అన్నాడు. మిగతా సగం పని ఎవరు చేస్తారన్నది ఆయన అనుమానం. నేను సైన్సు మనిషిని కాబట్టి ప్రయోగం చేశాను. షాపులో గోడవైపు తిరిగి నిలబడి, ఒకసారి చవకది, ఒకసారి ఖరీదైనది వాయించమని మాస్టారుని అడిగి, ఏది ఏదో చెప్పడానికి ప్రయత్నించాను. చీటీలు తీసినా అన్నే కరెక్టయ్యేవి. ప్రయోగం విఫలమైంది. నా మనసు మాత్రం ఆ తేనెరంగు చెక్క దగ్గరే ఉండిపోయింది.

ఎటూ తేలక మావయ్యకి ఫోన్ చేశాను. ఫోన్‌లోంచి గీత పడదు కదా అని ధైర్యం.

"కొత్తగా నేర్చుకునేవాళ్లు అంత ఖరీదైనది కొనచ్చా మావయ్యా?"

"అది కాదు అడగాల్సింది. దానికి గీత పడితే ఆ రాత్రి నీకు నిద్ర పడుతుందా?"

"ఎందుకు పట్టదు?"

"అయితే కొనుక్కో. ఒకరోజు నేనొచ్చి చూస్తా."

చివరి మాట వినగానే బీరువాలో దుప్పట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టుకున్నాను. అయినా కొన్నాను. ధర చూసి మా ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. అంకె మారలేదు.

కొన్నాక తెలిసింది, మావయ్య ప్రశ్నకి నేను చెప్పిన జవాబు తప్పని. గీత పడకముందే నాకు నిద్ర పట్టడం మానేసింది. తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుందట, తగ్గితే పగులుతుందట. గిటార్ పెట్టెలో తేమ కొలిచే మీటర్ పెట్టాను. అర్ధరాత్రి లేచి పాప ఒళ్లు వెచ్చగా ఉందేమో చూసి, అటే వెళ్లి గిటార్ తేమ కూడా చూసొచ్చేదాన్ని. బొత్తాలున్న బట్టలతో దాన్ని ముట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాను. గాజులు తీసేసేదాన్ని. వాయించాక మెత్తటి గుడ్డతో తుడవాలి. అసలు వాయించకపోతే ఆ తుడిచే పని కూడా ఉండదని తట్టాక అది బీరువా పైకెక్కింది. సాధన మళ్లీ పాత అట్టపెట్టె మీదే.

కొత్తది ఎప్పుడు వాయిస్తావని మా ఆయన అడిగాడు. వేళ్లు కుదిరాక అన్నాను. వేళ్లు కుదరడానికే కదా కొన్నామన్నాడు. నేను లేచి తేమ మీటర్ చూసొచ్చాను.

పాపకి మాత్రం చట్టం స్పష్టంగా చెప్పాను. చూడచ్చు, ముట్టకూడదు. అది చేతులు వెనక్కి కట్టుకుని బీరువా కింద నిలబడి, పైనున్న పెట్టెని "పడుకున్నావా?" అని పలకరించి వెళ్లిపోయేది.

ఒక ఆదివారం మావయ్య చెప్పకుండా వచ్చాడు. దుప్పటి వెయ్యడానికి వ్యవధి లేదు. పైగా అప్పుడే శ్రుతి సరిచూద్దామని గిటార్ దించి మంచం మీద పెట్టి ఉంచాను. పడగ్గది తలుపు దగ్గరికి లాగి, ఆయన్ని హాల్లో కూర్చోబెట్టి, టీ పెడదామని చూస్తే పాలు లేవు. మా ఆయన బయటికెళ్లాడు. మావయ్యని, గిటార్‌ని, పాపని ఒకే ఇంట్లో వదిలి పాల కోసం పరిగెత్తాను. జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ పాలు కొనలేదు.

తిరిగొచ్చేసరికి హాలు ఖాళీ. పడగ్గదిలో మంచం అంచున మావయ్య కూర్చుని ఉన్నాడు. ఒళ్లో నా గిటార్ తలకిందులుగా ఉంది. చేతిలో ఇత్తడి తాళంచెవి. ఆయన వెనక పాప గువ్వలా కూర్చుంది. దాని జుట్టు ఒక పక్క ఊడి మొహం మీద పడుతోంది.

"అయ్యో, గీత పడిందే" అన్నాడు మావయ్య. "తాళంచెవితో మీటితే ఎలా మోగుతుందా అని చూశానమ్మాయ్."

తీగల కింద, తేనెరంగు చెక్క మీద, వంకరగా మూడు గీతలు. ఆయన బొటనవేలితో రుద్దాడు. చెరగలేదు. ఇక ఇది మనదైంది అన్నాడు. నోటికన్నా ముందే నా మొహం చాలా అని ఉంటుంది, ఎందుకంటే మావయ్య ఆ రోజు టీ అడగలేదు. పాప తల నిమిరి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

కాసేపు ఏడిచాను. తర్వాత లోతు ఎంతుందో చూద్దామని భూతద్దం తీశాను. గీతల్లో ఏదో మెరుస్తోంది. ఇత్తడి పొడి అనుకుంటే రంగు కుదరలేదు. దూదితో అద్ది కాగితం మీద పెట్టి చూశాను. గులాబీ రంగు తళుకు. మా మావయ్య తాళంచెవి ఎంత చిత్రమైనదైనా దానికి గులాబీ తళుకు ఉండదు. అది మా ఇంట్లో ఒకే ఒక్క వస్తువు మీద ఉంటుంది.

"నీ జుట్టు క్లిప్పు ఏదమ్మా?" అని పాపని అడిగాను.

"తాతయ్య జేబులో."

"తాతయ్య జేబులోకి ఎలా వెళ్లింది?"

పాప ఆలోచించి, అది చెప్పకూడదని తాతయ్య అన్నాడని చెప్పింది. ఆ తర్వాత అంతా చెప్పేసింది. అమ్మ దగ్గర తీగలు మీటే ప్లాస్టిక్ ముక్క ఉంది కదా, తన దగ్గర లేదు, అందుకని క్లిప్పుతో మీటిందట. బాగా మోగిందట. తాతయ్య కూడా బాగుందన్నాడట.

అమ్మకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అమ్మ టీవీ కట్టేసి వచ్చి మొదలుపెట్టింది.

"మన ఫ్రిజ్ గుర్తుందా? అది గొడుగు కాదే. నీళ్ల బిందె తెస్తూ నేనే గుద్దాను. మీ నానమ్మ సంగతి నీకు తెలుసు కదా. తమ్ముడు నా చేతిలో బిందె లాక్కుని వంటింట్లో పెట్టేసి, వెళ్లి గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. కానీ అదొక్కటేనే. మిగతావన్నీ వాడి నిర్వాకమే."

నా సైన్సు బుర్ర ఊరుకోలేదు. పిన్ని కోడలికి ఫోన్ చేశాను. గొంతు తగ్గించి, టేబుల్ మీద వేడి గిన్నె పెట్టింది తనేనని, కాపురానికొచ్చిన మొదటి వారమని, ఎవరికీ చెప్పద్దని అంది. అదొక్కటే మావయ్యగారిది కాదు, మిగతావన్నీ ఆయనవేనని హామీ ఇచ్చింది. బాబాయి కొడుక్కి చేశాను. లైసెన్సు రాకముందు కారు వెనక్కి తీసి గోడకి కొట్టింది వాడు. అదొక్కటే అక్కా, అన్నాడు వాడు కూడా.

ఇన్నేళ్లుగా అందరం ఆయన్ని చూసి దుప్పట్లు కప్పాం. ఎవరి గీత వాళ్లకి తెలుసు, మిగతావన్నీ ఆయనవే అనుకున్నాం. లెక్క చూస్తే మావయ్య నిజంగా గీసిన గీత ఆయన స్కూటర్ మీది వేలెడు ముక్క ఒక్కటే.

ఆయనకి ఫోన్ చేసి, పట్టుబడ్డావని చెప్పాను. గులాబీ తళుకు గురించి కూడా చెప్పాను.

"నేనే గీశానన్నాను కదా" అన్నాడు. "ఇన్నేళ్ల పేరు, చెడగొట్టకు."

"పాప చేసిందని చెబితే దాన్నేమైనా అనేదాన్నా మావయ్యా?"

"అనేదానివి కాదు. కానీ నీ మొహం నేను చూశాను. అది నా వైపు తిరిగింది కాబట్టి సరిపోయింది, నాకు అలవాటే. నా ఉద్యోగంలో రోజూ చూసేదే. నేను కారు సొట్ట కొలుస్తుంటాను, పక్కన పిల్లో పిల్లాడో తల దించుకుని నిలబడి ఉంటారు. కారుకైతే పెయింటు వేస్తారు. సర్లే, ఆ గిటార్ వాయిస్తున్నావా, లేదా?"

వాయించడం లేదని ఒప్పుకున్నాను.

"ఇంకా దేనికి భయం? పడాల్సిన గీత పడింది కదా."

ఆ సాయంత్రం బొత్తాల చొక్కాతోనే, గాజులతోనే వాయించాను. వేళ్లు నొవ్వలేదు. మాస్టారు అన్నట్టు సగం పని అదే చేసింది. మిగతా సగం వల్ల మా ఆయన పక్క గదిలోకి వెళ్లి కూర్చున్నాడు. ఇప్పుడు నాకు ఐదు పాటలు వచ్చు. పాత గిటార్ పాపది. అది క్లిప్పుతోనే మీటుతుంది. క్లిప్పు తిరిగివ్వడానికి మావయ్య మర్నాడే వచ్చాడు, బాకీ పడ్డ టీ కూడా తాగి వెళ్లాడు. పాపకి ఇంకో రెండు క్లిప్పులు కూడా కొనుక్కొచ్చాడు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఖరీదైన గిటార్ కొనచ్చా అని ఎవరైనా అడిగితే మావయ్య ప్రశ్నే నేనూ అడుగుతున్నాను. నిద్ర పడుతుందంటే ఇంకోసారి ఆలోచించుకోమంటున్నాను, నా అనుభవం కొద్దీ.

పోయిన వారం మా ఇంటికి చదువుకునే కొత్త బల్ల వచ్చింది, పాప కోసం. తెచ్చినతను అట్టలు విప్పి, ఎక్కడా గీతలు లేవని చూసుకుని సంతకం పెట్టమన్నాడు. చుట్టూ తిరిగి చూశాను. ఒక్కటి కూడా లేదు. ఒక్క నిమిషం ఆగమని లోపలికెళ్లి ఇంటి తాళంచెవి తెచ్చి, బల్ల అంచు మీద వేలెడు గీత గీశాను. అతను సంతకం సంగతి మర్చిపోయి మెట్లవైపు చూశాడు. పాప వచ్చి ఆ గీతని బొటనవేలితో రుద్ది, ఇక ఇది మనదైందని ప్రకటించి, తనూ ఒకటి గీస్తానంది. క్లిప్పు ఇవ్వడానికి వచ్చిన రోజు, స్కూటర్‌ మీద గీత ఎందుకు గీశావని అడిగితే మావయ్య నాకు చెప్పిన మాటే అప్పుడు దానికి చెప్పాను.

మొదటి గీత పెద్దవాళ్లే గీయాలి. రెండోది ఎవరు గీశారని అడగకూడదు.