ఎగిరే ఊళ్ళో బస్టాండు

నేను కంప్యూటర్లో స్థలం కొన్నానని తెలిసి మా వీధివాళ్ళు కడుపుబ్బ నవ్వారు. నవ్వనీ. మా బుక్కరాయసముద్రం చుట్టూ బీడు చేలల్లో తెల్లసున్నం కొట్టిన హద్దురాళ్ళు పాతి, 'బస్టాండుకు ఐదు నిమిషాలు' అని బోర్డు పెడితే పరుగెత్తుకెళ్ళి కొన్నది వీళ్ళే. ఆ ఐదు నిమిషాలు దేనిమీద పోతేనో ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నా స్థలమైతే నిజంగానే బస్టాండు పక్కన ఉంది.

అదొక ఆటలాంటి లోకం. మన పేరున ఒక బొమ్మ చేసుకుని అందులో తిరగొచ్చు, ఇల్లు కట్టొచ్చు, అంగడి పెట్టొచ్చు. నేను ఇంట్లో మిషను మీద రవికలు కుట్టే మనిషిని. ఆ బొమ్మలకు తొడిగే రవికలు గీసి అమ్మడం నేర్చుకున్నాను. ఆ లోకంలో ఎవరు ఎక్కడికి పోవాలన్నా ముందు కంపెనీ పెట్టిన ఒక చోట ఊడిపడాలి. అక్కణ్ణుంచి నడిచి పోవచ్చు, ఎగిరి కూడా పోవచ్చు. ఎగరడం అక్కడ అందరికీ వచ్చు. అయినా పడిన చోటు నుంచి ఇరవై అడుగులు దాటి ఒక్కడూ కదలడు! అందుకే అంగళ్ళన్నీ ఆ చోటు చుట్టూనే, ఒకదాని నెత్తిన ఒకటి. అవతల సముద్రం ఒడ్డున బంగారంలాంటి స్థలాలు అడిగే దిక్కు లేక పడి ఉండేవి.

ఆ చోటికి బస్టాండని పేరు పెట్టింది మా నాయన. ఆయన నేను పుట్టక ముందు నుంచీ ఉరవకొండ దారిలో బస్సు ఆగే చోట బోండాల అంగడి నడిపాడు. తొలకరి వానకు వజ్రాలు వెతకడానికి వజ్రకరూరు పోయేవాళ్ళు ఆయన చేతి బోండా తినే పోయేవారు. బైపాసు పడి బస్సులు అటు మళ్ళాక అంగడి మూసేసి నా దగ్గరికి వచ్చాడు. వచ్చినప్పటి నుంచీ గోడకు ఆనుకుని కూర్చోవడమే. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. మనిషి నా కళ్ళముందే ఎండిపోతున్నాడని భయం పట్టుకుంది.

ఒకరోజు నా వెనక నిలబడి ఆ తెర చూసి అడిగాడు. "ఏం పాపా, ఈడ దిగినోళ్ళంతా ఆ పక్కకే పోతాండారే, నీ అంగడి యాడుండాది?"

ఆ గుంపులోనే ఉన్న నా అంగడి చూపించాను. మరుసటి రోజు నుంచి అందులో కూర్చునేది ఆయనే. ఏ మీట నొక్కాలో నేర్పి, మీసాల బొమ్మ ఒకటి చేసిచ్చాను. దానికి తెల్లపంచె కట్టించే దాకా ఊరుకోలేదు.

ఆయన మొదటి ఆజ్ఞ వేపచెట్టు. మా వైపు బస్సు బోర్డు ఉన్న చోట ఆగదు, నీడ ఉన్న చోట ఆగుతుంది. అది తెలిసే నాయన కరువులో కూడా బిందెలతో నీళ్ళు మోసి అంగడి ముందు వేపచెట్టు పెంచాడు. ఎక్కడో అవతల ఆగే బస్సును ఆ నీడతో తన ముందుకు తెచ్చుకున్నాడు.

"ఆడ ఎండే లేదు నాయనా" అన్నాను.

"ఎండ లేదని నీడ వద్దంటాడా పాపా ఎవడైనా?"

వాదించలేక వేపచెట్టు గీసి నాటాను. అది మొదట మా బోర్డునే మూసేసింది. పైగా ఊడిపడేవాళ్ళు సరిగ్గా దానిమీదే పడి కొమ్మల్లో ఇరుక్కునేవారు. కాళ్ళాడిస్తూ వేలాడే ఆ జనాన్ని చూసి నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఇరుక్కున్నవాడు బయటపడే లోపు ఎదురుగా చూడ్డానికి మా రవికలు తప్ప ఇంకేమీ లేవు. బేరాలు పెరిగాయి! నెల తిరక్కుండా పక్క అంగళ్ళవాళ్ళూ చెట్లు నాటారు. ఒకాయన ఏకంగా తాటితోపే పెట్టాడు. పెద్ద పెద్ద చదువులు చదివిన పెట్టుబడిదారులు ఆ అడవిలో స్థలం కోసం కొట్టుకున్నారు. ఇక్కడ ఇంట్లో నాయన రెండోసారి అన్నం అడిగి పెట్టించుకోవడం మొదలుపెట్టాడు. నాకు మిగిలిన లాభం అదే, అది చాలనుకున్నాను.

అప్పుడు కంపెనీవాళ్ళు శుభవార్త చెప్పారు. ఇకమీదట ఎవరికి ఎక్కడ కావాలంటే అక్కడే నేరుగా దిగొచ్చట. దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టారు. వారం రోజుల్లో బస్టాండు ఖాళీ. పెట్టుబడిదారులు అంగళ్ళు పీక్కుని సముద్రం ఒడ్డుకు పోయి, అక్కడి గాలి తమకు మొదటి నుంచీ ఇష్టమన్నారు.

బస్సు రెండోసారి కూడా దారి మార్చిందని నాయనతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. మళ్ళీ ఆ గోడ దగ్గరికి పోతాడేమోనని. ఫోన్లో ఎర్రచీర కట్టిన బొమ్మ ఒకటి చేశాను. రోజుకు రెండుసార్లు పాలు చూసొస్తానని వంటింట్లోకి పోయి, ఆ బొమ్మతో బస్టాండులో దిగి, నా రవిక నేనే కొనేదాన్ని.

"బేరమొచ్చినాది పాపా!" అని ముందు గదిలోంచి కేక.

"మంచిది నాయనా" అనేదాన్ని, గిన్నె చప్పుడు చేస్తూ. మూడు వారాలు ఇలా నడిపించి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక మధ్యాహ్నం కొనడం ముగించుకుని వచ్చి మిషను ముందు కూర్చున్నాను. నాయన తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"ఆ ఎర్రచీర ఆయమ్మను ఇంక రావద్దని చెప్పు పాపా."

"ఎందుకు నాయనా?"

"నీ మిషను ఆగినప్పుడే దిగుతాండాది ఆయమ్మ. మొదటి రోజే తెలిసినాది నాకు."

ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "తెలిసీ ఇన్నాళ్ళూ ఎందుకు కూర్చున్నావు మరి?"

"దిగేది నా బిడ్డని తెలిసీ అంగడి మూసేదెట్ల పాపా?"