మేం బాగున్నామని చెప్పాం

నా భార్య కరుణమ్మకు టీబీ ఉంటే ఐదు నెలల పాటు ఆస్పత్రి చీటీ మీద దుఃఖమని రాశారు. మూడుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్ళాను. మూడుసార్లూ కఫం పరీక్ష చేయించలేదు, ఎక్స్‌రే తీయించలేదు. విటమిన్ మాత్రలు, నిద్ర మాత్రలు ఇచ్చి పంపించారు. ఆ ఐదు నెలల్లో ఆవిడ ఎడమ ఊపిరితిత్తి పాడైపోయింది.

అప్పుడు మేము పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రేకుల షెడ్డులో ఉండేవాళ్ళం. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు ఇంకో దీవిలో, హట్ బేలో కిరాణా కొట్టు నడిపాను. 2004లో క్రిస్మస్ మర్నాడు ఉదయం సముద్రం వచ్చి ఆ కొట్టునూ, మా ఒక్కగానొక్క కూతురు ఎస్తేరునూ తీసుకుపోయింది. ఆ ఉదయం గురించి ఇంతకంటే రాయను. చూసినవాళ్ళూ రాశారు, చూడనివాళ్ళూ రాశారు.

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. పొట్లాలు కట్టడానికి ఓడలో వచ్చే పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని తెలుగు, తర్వాత హిందీ, ఆపైన ఇంగ్లీషు చదవడం నేర్చుకున్నాను. ఆ గర్వంతోనే ఇంట్లో ఉదయ ప్రార్థనకు ఒక పద్ధతి పెట్టాను. ముందు నేను పేపర్లో ఒక వార్త పైకి చదవాలి. ఎక్కడో వరద, ఎక్కడో రైలు ప్రమాదం. తర్వాత ఒక్కొక్కరూ తమకు జరిగిన మేలు ఒకటి చెప్పి దేవునికి స్తుతి చెల్లించాలి. ఉదయం పూట ఫిర్యాదు నోట రాకూడదు. షెడ్డుకు వచ్చాక కూడా ఆ పద్ధతి మానలేదు. మానితే పిచ్చివాణ్ణయిపోతానని భయం. పోయినవాళ్ళ లెక్కలు, దొరకనివాళ్ళ పేర్లు చదివి, "మనమిద్దరం మిగిలాం, స్తోత్రం" అనేవాణ్ణి. కరుణమ్మ కూడా "స్తోత్రం" అనేది. ఆ మాట ఆవిడ చేత ఎలా అనిపించానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం కుళాయి నుంచి బకెట్ తెస్తూ సగం దారిలో కూర్చుండిపోయింది. ముడి సర్దుకోవడానికి చెయ్యెత్తితే గాజు మోచేతి దాకా జారింది. మనిషి అంత చిక్కిపోయిందని నేను అప్పుడే చూశాను.

"ఏమైంది?" అన్నాను.

"ఏటీ లేదు ఎస్తేరు నాన్నా, ఎండ" అంది. కూతురు పోయాక కూడా నన్ను అలాగే పిలిచేది. అప్పటికింకా ఎండే రాలేదు.

మర్నాడు ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చిన్నపిల్ల, మెయిన్‌ల్యాండ్ నుంచి కొత్తగా వచ్చింది. వరండా నిండా జనం. ఆవిడ తలెత్తి, "కైసీ హో, అమ్మా?" అని అడిగింది.

"ప్రభువు దయ, అచ్ఛీ హూఁ బేటీ" అంది కరుణమ్మ.

"తింటున్నారా? నిద్ర పడుతోందా?"

"తింటున్నాను. నిద్రే కొంచెం కమ్, తక్కువ."

డాక్టరమ్మ నా వైపు చూసింది. "అంకుల్, ఇంట్లో ఎవరైనా పోయారా?"

"మా అమ్మాయి పోయింది. మిగతా అంతా దేవుని దయ, బాగున్నాం" అన్నాను.

ఎవరు ఎలా ఉన్నారని అడిగినా మావాళ్ళు ఇచ్చే జవాబు అదే. చర్చి మెట్ల మీదా అదే, ఫీనిక్స్ బే రేవులో ఓడ టికెట్ లైన్లో నిలబడినా అదే. డాక్టరమ్మ చీటీ మీద 'గ్రీఫ్ రియాక్షన్' అని, అంటే దుఃఖం వల్లేనని రాసింది. ఏప్రిల్లో వెళ్ళినా, జూన్లో వెళ్ళినా అదే ప్రశ్న, అదే జవాబు, అదే రాత. స్టెత్ ఆవిడ మెడలోనే వేలాడింది, ఒక్కసారి కూడా కరుణమ్మ ఛాతీ మీదికి రాలేదు.

జూలై వానల్లో ఒక పొద్దున నేను పేపర్ చదువుతున్నాను. పక్క షెడ్డులో చేపలమ్మే అప్పలనర్సమ్మ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో తడిగుడ్డ.

"ఓ పేపర్ మావయ్యా! దేశంలో వార్తలన్నీ సదువుతావు. నీ పక్కనున్న మనిషి ఏటయిపోతందో సూసినావా? మీ ఆడమనిషి కుళాయి కాడ దాసుకుని ఉతుకుతంది. ఇదిగో, రగతం!"

ఆ రోజే ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పెద్దవాడు, ముక్కుసూటి మనిషి. ఎక్స్‌రే తీయించాడు, మూడు డబ్బాల్లో కఫం తీసుకున్నాడు. రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. "స్ప్యూటమ్ పాజిటివ్. లెఫ్ట్ లంగ్‌లో పెద్ద క్యావిటీ, గొయ్యి పడింది. దగ్గు ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"ఐదు నెల్లు" అంది కరుణమ్మ.

నేను ఆస్పత్రి అని కూడా చూడకుండా అరిచాను. "ఐదు నెలలా? మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎప్పుడు సెప్పను? పొద్దున్నే అంతమంది పోయారని సదువుతావు. మనకేటి మేలు జరిగిందో సెప్పమంటావు. అక్కడ నా దగ్గు ఎలా సెప్పను?" అంది. నా ఎదుట దగ్గు రాకుండా ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకునేదట. నోరు బాగుండటానికేమో అనుకున్నాను.

టీబీకి డాట్స్ మందులు మొదలయ్యాయి. రోజు మార్చి రోజు వెళ్ళి, హెల్త్ వర్కర్ ముందు గుప్పెడు మాత్రలు మింగాలి. మూత్రం ఎర్రగా వస్తే రక్తమేనని హడలిపోయాం. "అది మందు రంగు" అన్నారు. రెండో నెలలో కళ్ళు పచ్చబడ్డాయి, నీళ్ళు కూడా కడుపులో నిలవలేదు. "లివర్‌కు పట్టింది, మందులు ఆపాలి" అన్నాడు పెద్ద డాక్టరు. వార్డులో పద్దెనిమిది రోజులున్నాం. తర్వాత మందులు ఒక్కొక్కటిగా మళ్ళీ ఇచ్చారు. అన్నీ పూర్తయ్యేసరికి ఏడాది దగ్గర పడింది. "స్ప్యూటమ్ నెగటివ్. టీబీ పోయింది. కానీ ఆ లంగ్ ఇక పనిచెయ్యదు" అన్నాడు.

పోర్ట్ బ్లెయిర్ పక్కనే గరాచర్మలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. కరుణమ్మ గుమ్మం నుంచి బస్‌స్టాప్‌కు వెళ్ళాలంటే రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకునేది. అది చూసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. నాకు కావలసింది ఒక్కటే. పొరపాటయిందని ఎవరో ఒకరు ఆవిడకు చెప్పాలి. కొన్నేళ్ళలో ఆస్పత్రికి ఐదు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అడగడానికి వెళ్తే అక్కడి గుమాస్తా నవ్వాడు.

"బాబా, ఇంకా లెటర్లేనా? అమ్మ ఠీక్ హో గయీ నా? నయమైపోయింది కదా!"

"ఠీకా? ఒకరోజు మా ఇంటికి రా భయ్యా, ఆవిడ పక్కన నడిచి చూడు" అన్నాను. అతను నవ్వు మానేశాడు. ఆ డాక్టరమ్మ మెయిన్‌ల్యాండ్‌లో ఎక్కడ పనిచేస్తోందో ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు.

ఆరో ఉత్తరం నేరుగా ఆ అమ్మాయికే రాశాను. కరుణమ్మ సంతకం కూడా ఉండాలని తనకు చదివి వినిపించాను.

"మనం బాగున్నామని సెప్పాం గదా. అది రాయలేదేటి?" అంది.

"అది రాస్తే తప్పు మన మీదికి వస్తుంది."

"వస్తే రానీ. సగం రాసి సంతకం పెట్టమంటే నాను పెట్టను."

ఆ కాగితం ఒక రోజంతా పక్కన పెట్టేశాను. చివరికి రాశాను. మూడుసార్లూ ఆవిడ బాగున్నానని చెప్పిందని, పక్కన నిలబడి నేనూ అదే చెప్పానని, దగ్గు సంగతి చెప్పకుండా ఆవిడ నోరు కట్టేసింది నా ప్రార్థన పద్ధతేనని రాశాను. అప్పుడు సంతకం పెట్టింది.

జవాబు రాకముందే వానాకాలంలో కరుణమ్మకు న్యుమోనియా వచ్చింది. ఉన్న ఒక్క ఊపిరితిత్తికీ పట్టింది. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. ఐదో రోజు పోయింది. టీబీ తగ్గాక ఎనిమిదేళ్ళు బతికింది.

ఇప్పుడు ఉదయం నేనొక్కణ్ణే కూర్చుంటాను. పేపర్ చదువుతాను, కానీ ఇతరుల చావులతో నా మేలు కొలుచుకోను. ముందు ఫిర్యాదు చెబుతాను. మోకాలు నొప్పి, కరుణమ్మ లేదు, ఎస్తేరు లేదు. తర్వాతే స్తోత్రం. దేవుడు రెండూ వింటాడనే అనుకుంటున్నాను.

చదివేవాళ్ళకు ఒక్క మాట. డాక్టరు ఎలా ఉన్నారని అడిగితే అది పలకరింపు అనుకోకండి, మర్యాదకు జవాబివ్వకండి. ముందు బాధ చెప్పండి. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయమని మీరే అడగండి. రోగి నోరు విప్పకపోతే పక్కనున్నవాళ్ళు విప్పండి.

డాక్టరమ్మ జవాబు కరుణమ్మను సమాధి చేసిన నెలకు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. నాకు చేతనైనట్టు తెలుగులో పెడుతున్నాను.

"మీ ఇద్దరికీ నమస్కారం. మీ ముఖాలు నాకు గుర్తు లేవు, గుర్తున్నాయని రాస్తే అబద్ధమవుతుంది. ఆ రోజుల్లో నా ముందుకు వచ్చిన ప్రతి మనిషికీ ఎవరో ఒకరు పోయారు. అందుకని చిక్కిపోయిన ప్రతి మనిషిలోనూ నాకు దుఃఖమే కనిపించింది. ఆవిడ బాగున్నానని చెప్పి ఉండవచ్చు. అయినా ఛాతీ వినవలసిన పని నాది. నేను వినలేదు. తప్పు నాది, అమ్మకు ఈ మాట చదివి వినిపించండి. ఇప్పుడు ఎలా ఉన్నారో రాయండి. బాగున్నారని మాత్రం రాయకండి. దగ్గు ఉందా, అన్నం సయిస్తోందా, ఎంత దూరం నడిస్తే ఆయాసం వస్తోంది, అవన్నీ ఆవిడనే అడిగి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయండి."