అక్కడ ఉసిరి చెట్టు లేదన్నాను

ఈ సంగతి నా భార్యకు కూడా తెలియదు. ఏళ్ళ తరబడి గుండెల మీద బండలా పెట్టుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ముందే ఒక మాట. జాలి పడతారేమోనని రాయడం లేదు. నేను చేసింది పొరపాటు కాదు. కక్షతో, తెలిసి చేశాను. చేసినప్పుడు సంతోషించాను కూడా.

కరెంటు లైన్ల పక్కన చెట్లు కొట్టించే కాంట్రాక్టరు దగ్గర పని నాది. కెనడాలోనూ ఒక లండన్ ఉంది. ఆ ఊరు దాటి ఉత్తరానికి పోతే చిత్తడి అడవుల మధ్య నుంచి పెద్ద లైన్లు వెళ్తుంటాయి. లారీలు పోలేని చోట హెలికాప్టర్ వస్తుంది. దాని కింద పొడవాటి ఇనుప కడ్డీ వేలాడుతుంటుంది. కడ్డీ చివర వరసగా గుండ్రటి రంపాలు. లైన్ అంచు వెంబడి అది నిలువుగా కోసుకుంటూ పోతే చెట్లకు ఒక పక్క గోడ చెక్కినట్టు అయిపోతుంది. నేను దానికంటే ముందు వెళ్ళి, ఆ దారిలో ఉన్న ఇళ్ళవాళ్ళకు ఫలానా రోజు వస్తుందని చెప్పి రావాలి. ఎవరైనా ఒక చెట్టును మిషన్‌తో కొట్టొద్దని అడిగితే దానికి నీలం రిబ్బన్ కట్టి, పైలట్‌కు చెప్పాలి. ఆ చెట్టును తర్వాత మనుషులు ఎక్కి, చేత్తో, చూసి చూసి కత్తిరిస్తారు. రిబ్బన్ ఎప్పుడూ నా జేబులోనే ఉంటుంది. కట్టడానికి ఎంతోసేపు పట్టదు.

జగన్నాథం అంకుల్ స్థలం ఆ లైన్ పక్కనే. అది నాకు కొత్త చోటు కాదు.

ఆ లండన్‌లోనే చదువు అయిపోయాక నేను ఆయన రెస్టారెంట్‌లో పనికి చేరాను. ఇక్కడే స్థిరంగా ఉండిపోవడానికి పీఆర్‌కి అప్లై చేయాలంటే, యజమానిగా ఆయన సపోర్ట్ కావాలి. అడిగాను. "చూద్దాంలే" అన్నారు. ఎప్పుడు అడిగినా అదే మాట, నవ్వుతూ, భుజం మీద చెయ్యేసి. పెద్దమనిషి చెయ్యేసి చెబితే అవునన్నట్టే కదా అనుకున్నాను. నార్త్ యార్క్‌లో ఒకాయన ఉద్యోగం ఇస్తానంటే, మా అంకుల్ ఉన్నారని వదులుకున్నాను. తీరా వర్క్ పర్మిట్ అయిపోవచ్చాక గట్టిగా అడిగితే, "నేను ఇస్తానన్నానా ఎప్పుడైనా? చూద్దామన్నాను, అంతే" అన్నారు. మూటాముల్లె సర్దుకుని ఖమ్మం వెళ్ళిపోయాను. లండన్ హాస్పిటల్‌లో నర్సుగా చేస్తున్న శిరీష, నేను పెళ్ళి చేసుకోవాలనుకున్న అమ్మాయి, నాకోసం కొన్నాళ్ళు చూసింది. తర్వాత ఇక తన వల్ల కాదంది. ఆమెను నేను తప్పు పట్టలేదు. ఆయన్నే పట్టాను. రోజూ పట్టాను. వేరే దారిలో మళ్ళీ కెనడాకు వచ్చి, పీఆర్ తెచ్చుకుని, పెళ్ళి చేసుకుని, ఇల్లు కొనుక్కున్నాక కూడా, ఆ "చూద్దాంలే" గుర్తొస్తే నాకు ఒళ్ళు మండేది.

ఇక చెట్టు సంగతి. ఆయన భార్య సుభద్ర ఆంటీ ఏటా ఆ స్థలంలో వనభోజనాలు పెట్టేవారు. కార్తీకంలో అక్కడ చలికి చేతులు కొంకర్లు పోతాయి కాబట్టి ముందే, ఎండ ఉండగానే కానిచ్చేసేవారు. ఉసిరి చెట్టు కింద తినాలి. ఈ దేశంలో ఉసిరి ఎక్కడిది? స్థలం చివర లైన్ వైపు కొమ్మలు చాచిన పెద్ద మేపుల్ ఒకటి ఉండేది. ఇండియన్ స్టోర్‌లో కొన్న ఉసిరికాయ పచ్చడి సీసా దాని మొదట్లో పెట్టి, మానుకు బొట్టు పెట్టి, "ఇక ఇది ఉసిరి చెట్టే, ఎవరూ వంకలు పెట్టకండి" అనేవారు ఆంటీ. పిల్లలు "ఆంటీ, ఇట్స్ ఎ మేపుల్" అని నవ్వేవాళ్ళు. పెద్దవాళ్ళం మాత్రం అందరం దాన్ని ఉసిరి అనే పిలిచేవాళ్ళం. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఎవరినడిగినా జగన్నాథం గారి ఉసిరి చెట్టు ఏదో చూపిస్తారు. నేను రెస్టారెంట్‌లో పనిచేసే రోజుల్లో రెండో విడత పులిహోర నాకని పక్కన దాచి పెట్టేది ఆవిడే. ఆ సపోర్ట్ సంగతి ఆవిడకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను తిరిగి వచ్చేసరికి ఆవిడ లేరు.

ఆ రోజు నేను బెల్ కొట్టేసరికి ఆయనే తలుపు తీశారు. బాగా చిక్కిపోయారు.

"నువ్వా! మళ్ళీ ఎప్పుడొచ్చావయ్యా? రా, లోపలికి రా, టీ పెడతాను."

"డ్యూటీలో ఉన్నాను అంకుల్. ఎల్లుండి పొద్దున హెలికాప్టర్ వస్తుంది. లైన్ వైపు కొమ్మలు కొట్టేస్తుంది. మీరు అటు రాకుండా ఇంట్లోనే ఉండండి."

"మరి మన ఉసిరి చెట్టు?"

జేబులో ఉన్న రిబ్బన్‌ను తడుముకున్నాను.

"మీ ఆంటీ పోయాక నాకు అదొక్కటే మిగిలింది. దాన్ని మాత్రం మిషన్‌తో కొట్టనియ్యకు బాబూ. మనుషుల్ని పెట్టి చేయించు. చేయిస్తావుగా?"

అప్పుడు నా నోటికి ఆ మాట వచ్చింది. వెతుక్కోలేదు. ఏళ్ళుగా అక్కడే కూర్చుని ఉన్నట్టుంది.

"చూద్దాంలెండి అంకుల్" అన్నాను. నవ్వుతూ అన్నాను. ఆయన భుజం మీద చెయ్యి కూడా వేశాను.

"నువ్వున్నావుగా, ఇక నాకు బెంగ లేదు" అన్నారాయన.

ఆ మాటకు అర్థం ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా నమ్మేశారు. నేనూ అలాగే నమ్మాను కదా. అవసరం పడ్డవాడి చెవికి అది ఎప్పుడూ అవునన్నట్టే వినిపిస్తుంది కాబోలు. కారులో కూర్చున్నాక నాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను. రిబ్బన్ నా జేబులోనే ఉంది.

ఎల్లుండి వచ్చింది. స్థలం చివర రోడ్డు మీద రేడియో పట్టుకుని నిలబడ్డాను. ఇక్కడ వదిలెయ్యాల్సిన చెట్లేమైనా ఉన్నాయా అని పైలట్ అడిగాడు. ఒక్క మాట చాలు. ఆగమంటే ఆగుతాడు. నేను "క్లియర్" అన్నాను.

మేపుల్‌లో సగం పోయింది. ఏ కొమ్మ కింద ఆంటీ చాప పరిచేవారో ఆ పెద్ద కొమ్మ ఒక్కసారిగా తెగి నేల మీద పడింది. పచ్చి చెక్క వాసన రోడ్డు దాకా వచ్చింది. ఇంటి కిటికీలో ఆయన కనిపించారు. రెండు చేతులూ అద్దానికి ఆనించి ఉన్నాయి. మీతో అబద్ధం ఎందుకు? నాకు హాయిగా అనిపించింది. ఇప్పుడు తెలిసిందా అంకుల్, అనుకున్నాను.

ఆయన కంప్లయింట్ ఇచ్చారు. మా సూపర్‌వైజర్ మా ఇద్దరినీ ఆ చెట్టు దగ్గరికే తీసుకెళ్ళింది. ఉసిరి చెట్టును వదిలెయ్యమని ఇతనికి చెప్పానని ఆయన ఇంగ్లిష్‌లో చెప్పారు. ఉసిరి అంటే ఏంటని ఆవిడ నన్ను అడిగింది. మా దేశపు చెట్టు, ఈ చలికి బతకదు, ఈ స్థలంలోనే కాదు, ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు అన్నాను. ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అంత పెద్ద అబద్ధం నేను మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు.

ఆయన నా వైపు తిరిగారు. ఫోన్ తీసి ఒక్క పాత ఫొటో చూపిస్తే చాలు, ఆ చెట్టు కింద విస్తరి ముందు నేనే ఉంటాను. వనభోజనాల ఫొటోలు ఆయన దగ్గర లేకపోవడమా! నా ఉద్యోగం అక్కడికక్కడే పోయేది. ఆయన ఫోన్ తియ్యలేదు.

"అతను చెప్పింది నిజమే. ఇక్కడ ఉసిరి చెట్టు లేదు" అన్నారు ఆవిడతో. తెలుగులో నాతో ఒక్క మాట కూడా అనకుండా ఇంట్లోకి వెళ్ళిపోయారు.

ఎందుకలా అన్నారు? నా ఉద్యోగం పోకూడదనా? వెనకటి "చూద్దాంలే" గుర్తొచ్చి, ఇక చెల్లుకు చెల్లు అనుకున్నారా? లేక సగం తెగిపోయాక అది ఆయనకు నిజంగానే ఉసిరి కాకుండా పోయిందా? ఎన్నిసార్లు ఆలోచించినా తేలదు. నాకు ఇంకా కోపమే వస్తుంది. తిట్టి ఉంటే బాగుండేది. కాలర్ పట్టుకుని ఉంటే ఇంకా బాగుండేది. నా కక్షను కూడా నాకు పూర్తిగా దక్కనివ్వకుండా ఆ ఒక్క మాటతో లాగేసుకున్నాడు పెద్దాయన. ఆయన్ను నేను ఇప్పటికీ క్షమించలేదు. శిరీష పోయింది పోయినట్టే ఉంది. కానీ నన్ను ముంచింది ఆయన. నేను కోయించింది ఆంటీ చెట్టును. నాకు పులిహోర దాచి పెట్టిన మనిషి చెట్టును.

మిగిలిన సగం ఆ చలికాలం గాలికి కూలిపోయింది. వనభోజనాలు మళ్ళీ పెట్టలేదని విన్నాను. ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పొచ్చు కదా అంటారేమో. వెళ్ళను. వెళ్తే టీ పెడతానంటారు. అది నేను తట్టుకోలేను.

అందుకే మీకు చెబుతున్నాను. ఆ రోజు సూపర్‌వైజర్ ముందు చెప్పాల్సిన మాట ఇన్నేళ్ళకు ఇక్కడ చెబుతున్నాను.

అక్కడ ఉసిరి చెట్టు ఉండేది. అది ఎక్కడుందో నాకు తెలుసు. దాని కింద కూర్చుని నేను అన్నం తిన్నాను.