కంపెనీల పందెం చెప్పిన సైన్సు అయ్యవారు

పోయిన మంగళవారం పొద్దున్నే నాతో చదువుకున్నామె ఫోన్ చేసింది. "సైన్సయ్యవారు పోయినారమ్మే" అంది. తొంభై దాటిన మనిషి, మంచం పట్టకుండా పోయారు, ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను. మొన్నమొన్నటి దాకా నేను ఫోన్ చేస్తే ఆరోగ్యం సంగతి పక్కనపెట్టి, "కంప్యూటర్ల ప్రాసెసర్లు చేసే వాళ్ళలో ఈసారి ఎవడు ముందున్నాడు?" అని అడిగేవారు. మనవడి పరీక్ష ఫలితం అడిగినంత ఆత్రం.

ఆ ఆత్రం ఆయనకు పంతొమ్మిది వందల అరవైల్లోనే ఉంది. బోగోలు పక్కన, సముద్రపు హోరు వినిపించే మిషన్ స్కూల్లో మాకు సైన్సు చెప్పేవారు. మిషన్ బంగళాలో దొరసాని చదివేసిన ఇంగ్లీషు పత్రికలు అడిగి తెచ్చుకునేవారు. లెక్కలు చేసే యంత్రాల కబుర్లన్నీ వాటిలోవే. ఒక కంపెనీ గాజు వాల్వులతో గదంత యంత్రం చేసిందట. ఇంకో కంపెనీ శనగ గింజంత ట్రాన్సిస్టర్లతో అదే పని బీరువాలో పట్టించిందట. "ఇప్పుడు మూడోవాడు అట్టాంటివి నాలుగైదు ఒకే ముక్క మీద చేసేసినాడబ్బయా! మధ్యలో అతుకులేసే తీగలే లేవు! ఆ రెండోవాడికింక నిద్ర పడతదా?" అని బల్ల గుద్దేవారు. పత్రిక ఆరు నెలల పాతది. అయినా ఆ పందెం ఆ పూటే జరుగుతున్నట్టు మేం తలో కంపెనీ పక్షం చేరి కొట్లాడుకునేవాళ్ళం.

ఆ ఏడు హెడ్మాస్టరు గారు పై తరగతిలో ఆడపిల్లలకు కష్టమైన కాంపోజిట్ లెక్కలు వద్దు, తేలికపాటి జనరల్ లెక్కలు చాలునన్నారు. కాంపోజిట్ లేకపోతే ఇంజనీరు చదువు ఆశ వదులుకోవాల్సిందే. నాకు ఒళ్ళు మండిపోయింది. అయ్యవారు మాత్రం వాదనకు దిగలేదు, పందెం పెట్టారు. మగపిల్లలది ఒక కంపెనీ, మేం ముగ్గురు ఆడపిల్లలది ఒక కంపెనీ. మీటలతో రెండు చిన్న అంకెలు వేస్తే కూడిక జవాబు టార్చి బల్బుల్లో రావాలి. మూడు బల్బులు, వాటి విలువలు నాలుగు, రెండు, ఒకటి. వెలిగినవి కలుపుకుంటే జవాబు. మేం నెగ్గితే కాంపోజిట్ ఇస్తానని హెడ్మాస్టరు గారి చేత అనిపించారు.

రోజూ సాయంత్రం అయ్యవారు రెండు జట్ల దగ్గరికీ వచ్చేవారు. "వాళ్ళది మీదానికంటే చిన్నది" అని చల్లగా ఒక మాట అనేసి పోయేవారు. మేం ఉడుక్కుని మీటలు తగ్గించేవాళ్ళం. రెండు జట్లకూ అదే మాట చెప్పారని తర్వాత గానీ తెలియలేదు! వాళ్ళ యంత్రం తలుపు చెక్కంత ఉండగా, మాది పలక మీదికి వచ్చేసింది.

పందెం నాడు వాళ్ళు మూడూ రెండూ వేస్తే అయిదు వచ్చింది. మేం వేస్తే చివరి బల్బు ఒక్కటే వెలిగింది.

"మూడూ రెండూ ఒకటంట!" మగపిల్లలు పడీపడీ నవ్వారు. హెడ్మాస్టరు గారు లేచి నిలబడ్డారు. నాకు కళ్ళు నిండిపోయాయి.

"పది నిమిషాలు కూర్చోండి సార్" అని అయ్యవారు నా వైపు తిరిగారు. "ఏడుపు తర్వాత. ఎందుకు వెలగలేదో ముందు చెప్పు."

వెలగాల్సిన మొదటి బల్బు మార్చి చూశాను, బాగానే ఉంది. బ్యాటరీలూ బాగానే ఉన్నాయి. మీట విప్పితే ఇత్తడి రేకు మీద పచ్చగా చిలుము. నాలుకకు తగిలించాను. పులుపు!

"చింతపండు!" అని అరిచాను. పాత చెంబు కత్తిరించి చేసిన రేకులవి. ఇత్తడి కనబడితే తోమకుండా ఉండలేని ఇల్లు మాది. ముందురోజు సాయంత్రం మెరవాలని నేనే చింతపండు రుద్ది, నీళ్ళు పోస్తే తీగలు తడుస్తాయని గుడ్డతో తుడిచి వదిలేశాను. మిగతా పని ఉప్పుగాలి చేసింది. పిన్నీసుతో గీకి మళ్ళీ నొక్కితే అటు చివరిదీ ఇటు చివరిదీ వెలిగాయి. అయిదు!

"పట్టేసింది సార్!" అయ్యవారు చిన్నపిల్లాడిలా గెంతారు.

"పందెం వాళ్ళు గెలిచినారు గదయ్యా" అన్నారు హెడ్మాస్టరు గారు.

"గెలిచినారు సార్. వాళ్ళేం చేస్తన్నారో చూడండి."

గెలిచినవాళ్ళంతా మోకాళ్ళ మీద కూర్చుని మా పలక చుట్టూ మూగారు. "ఇంత చిన్నదాంట్లో ఎట్ట పట్టించినారు మే?" అని వాళ్ళ నాయకుడే నన్ను అడుగుతున్నాడు. హెడ్మాస్టరు గారు కాసేపు చూసి, "సరే, కాంపోజిట్‌లో రాసుకోండి ఈళ్ళ పేర్లు" అన్నారు. ఆ పది నిమిషాలు అయ్యవారు అడిగి ఇప్పించకపోతే నా బతుకు ఇంకోలా ఉండేది.

జూన్‌లో కాంపోజిట్ లెక్కల గదిలో ముందు బెంచీ మీద మేం ముగ్గురం కూర్చున్నాం. ఆ పీరియడు ఆయనది కాదు. అయినా వచ్చి కిటికీ బయట నిలబడ్డారు. లెక్కలయ్యవారు హాజరు పిలుస్తుంటే విని, మా ముగ్గురిలో మూడో పేరు కూడా పిలిచాక, చేతికంటిన సుద్దపొడి పంచెకు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.