డ్యూటీ లేనివాడు ఆఖర్న

మా జట్టులో బ్యాటింగ్ ఆర్డర్ ప్రతిభను బట్టి ఉండేది కాదు, డ్యూటీని బట్టి ఉండేది. గల్ఫ్‌లో మేముండే అబూ హలీఫాలో శుక్రవారం సాయంత్రాలు టెన్నిస్ బంతితో ఆట. ఆడేవాళ్లలో సగం మంది అరబ్బుల ఇళ్లలో డ్రైవర్లు, వంటవాళ్లు. ముందు అందరం కలిసి ఫీల్డింగ్ చేసేవాళ్లం. బ్యాటింగ్‌కి దిగేముందు కెప్టెన్ ఒకటే అడిగేవాడు. "ఎవురు ఎన్ని గంటలకు పోవాల?" తొందరగా పోవాల్సినవాడు ముందు ఆడతాడు, అవుటవగానే డ్యూటీకి పరిగెడతాడు.

కెప్టెన్ కడప వైపు మనిషి, హౌస్ డ్రైవరు. ఆయన యజమానురాలు ఎగైలా మాల్‌కి ఎప్పుడు బయలుదేరుతుందో ఆమెకే తెలియదు. కాబట్టి ఆయనే ఓపెనరు. మా అదృష్టం కొద్దీ, మాలో ఆట వచ్చినవాడూ ఆయనొక్కడే.

నేను కోనసీమ నుంచి వచ్చిన అకౌంటెంటుని. శుక్రవారం సెలవున్న పాపానికి నాది పదకొండో స్థానం. ఎప్పుడైనా వంతు వచ్చినా మొదటి బంతికే అవుటయ్యేవాణ్ణి.

"ఒక్క మెట్టు పైకి పంపండన్నా, ఆటంటే ఏంటో చూపిస్తాను" అని బతిమాలితే, "నీకేం సార్, రాజువి, కూర్చో" అనేవాడు.

మొన్న చలికాలంలో పక్కనున్న ఫింటాస్ వాళ్లతో ఆడాం. ఆ రోజు నన్ను పదో స్థానం అన్నాడు. ప్రమోషన్ వచ్చినంత సంబరపడ్డాను.

"మరి పదకొండెవరన్నా?"

"నేనే. నాకింగ డ్యూటీ యాడుంది సార్? ఖలాస్. వీసా ఇచ్చిన కఫీలే దాన్ని క్యాన్సిల్ చేసినాడు. ఆదివారం ఇంటికి పోతాండా."

అందరం ఆయన మీద పడ్డాం, ఇవాళ మీరే ముందు వెళ్లండని.

"రూలు పెట్టింది నేనే. నా కోసరం మారిస్తే అదేం రూలు?"

ఆడాలని లేక కాదు. బ్యాటు ఒళ్లో పెట్టుకుని, వికెట్ పడ్డప్పుడల్లా లేచి నిలబడుతున్నాడు.

మావాళ్లు వరసగా అవుటై డ్యూటీలకు వెళ్లిపోయారు. ఆఖరి ఓవర్లో నేను దిగేసరికి గెలవడానికి ఐదు పరుగులు కావాలి. నేను అవుటైతే ఆయన వస్తాడు. ఈ దేశంలో ఆయనకదే ఆఖరి ఆట. జట్టుకూ అదే మేలు. అవుటవడం నాకు వెన్నతో పెట్టిన విద్య కదా, కళ్లు మూసుకుని ఊపాను. బంతి అంచుకు తగిలి, కీపర్ తల మీదుగా ఫోర్ పోయింది. తర్వాతి బంతికి వికెట్లు మూడూ వదిలేసి పక్కకు జరిగి నిలబడ్డాను. ఆ దిక్కుమాలినవాడు వైడ్ వేశాడు.

గెలిచాం. నాకు ఏడుపొచ్చింది. ఆయన బ్యాటుతోనే పరిగెత్తుకొచ్చి నా వీపు తట్టాడు.

"చూస్తివా సార్! నిన్ను ఎప్పుడో పైకి పంపాల్సింది. తప్పు నాదే."

నేను ఆయన్ని వదిలించుకుని బౌలర్ దగ్గరికి పరిగెత్తాను. ఒక్క బంతి, ఊరికే, ఈయనకు వేసి వెళ్లమన్నాను. అతను అప్పటికే కారు స్టార్ట్ చేశాడు. డ్యూటీకి టైమైపోయిందట.