అంగడిలో పోసిన ముగ్గు

మా మనవరాలు గీసిన కట్టడం కోసం మొదటి దెబ్బ పడినప్పుడు ఆ కట్టడం ఎక్కడా లేదు. ఖాళీ నేల మీద సున్నపు గీతలున్నాయి, అంతే. ఆ గీతల మధ్య ఒకామె చెయ్యి విరిగింది. ఎండిన చెరకుగడను మోకాలికి ఆనించి విరిచినట్టు ఆ చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది.

ఆ రోజు డైరీ తీస్తే ఇంతే ఉంది: "అంగడిలో కొట్లాట. పిల్ల పెదవి చిట్లింది." వాన, కాలువ నీళ్లు, ఇంటికొచ్చిన చుట్టాలు, కూరగాయల ధరలు ఒక్క రోజూ విడవకుండా రాసే నాకు ఆ పూట కలం కదల్లేదు. ఇప్పుడు ఒక క్రమంలో రాస్తాను.

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. ఉండేది నిజామాబాద్‌లో. మనవరాలు హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదువుతోంది, ఆఖరి సంవత్సరం. చివరి ప్రాజెక్టుకు ఊరి జనమంతా వాడుకునే కట్టడం ఒకటి గీస్తానంది. కింద అంగడి వాళ్లకు మడిగెలు, అంటే చిన్న దుకాణం గదులు, పైన బీడీలు చుట్టే ఆడవాళ్లు కూర్చునే హాలు, ఓ పక్క బస్సు కోసం ఆగేవాళ్లకు నీడ. బీడీ హాలు ఆలోచన మా గల్లీ నుంచి వచ్చింది. మా గల్లీలో ఆడవాళ్లు వెలుతురు కోసం గడపల మీద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, పొద్దంతా వంగి చుడతారు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చేటప్పుడు వాళ్ల కాళ్లు దాటుకుంటూ ఇంట్లోకి వచ్చేది ఈ పిల్ల.

స్థలం కోసం బోధన్ రోడ్డు మీద ఒక ఊరు ఎంచుకుంది. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో చెరకు బండ్లు వరుసగా ఆగే మైదానం ఒకటి అక్కడుంది. ఇప్పుడు సోమవారం సోమవారం అందులో అంగడి సాగుతుంది. సెలవుల్లో వారం వారం ఇద్దరం బస్సెక్కి పోయేవాళ్లం. ఆమె కొలతలు తీసేది, నేను టేపు రెండో కొస పట్టుకునేవాణ్ణి.

చిక్కల్లా కాగితం దగ్గర వచ్చింది. ఏ బొమ్మ చూపించినా అందరూ ఒకటే మాట.

"మంచిగున్నది బిడ్డా."

"ఏం మంచిగున్నదక్కా?"

"అంతా మంచిగనే ఉన్నది."

తిరుగు బస్సులో మనవరాలు విసుక్కుంది. "ఒక్కలన్న కాదంటలేరు తాతా. కాదంటెనే కదా నాకు తెలిసేది, ఎక్కడ తప్పుందో. బొమ్మల వాళ్లకేం కనవడ్తలేదు."

అందుకని కట్టడాన్ని నిజం కొలతల్లో నేల మీదే గీసి, జనాన్ని అందులో నడిపిద్దామంది. ఇల్లు కట్టే ముందు సున్నపు పొడితో గోడల గీతలు వేయడాన్ని మా వైపు ముగ్గు పోసుడు అంటారు. నాకది బాగా వచ్చిన పని. సున్నం బస్తాలు, సుతిలి తాడు, మేకులు నేనే తెచ్చాను. నౌకరీలో ఉన్నన్నాళ్లూ నేను పోయించినవన్నీ కాలువల ముగ్గులు. కాలువకు ముగ్గు పోస్తే భూమి పోతుందని జనం ఏడుస్తూ పక్కకు జరిగేవాళ్లు. ముగ్గులోకి దూరడానికి తోసుకునేవాళ్లను నేనెప్పుడూ చూడలేదు.

ఆదివారం నాడు పోశాం. పై అంతస్తు హాలును పక్కన ఖాళీ జాగాలో విడిగా పోశాం. ఊరి ఆడవాళ్లు వచ్చి అందులో తిరిగారు, కూర్చున్నారు. అప్పుడు నోళ్లు లేచాయి.

"గింత సన్నపు తలుపా? ఆకు కట్ట నెత్తి మీద పెట్టుకోని ఎట్ల సొర్రాలె?"

"కిటికీ ఈడ పెడితె తంబాకు అంత ఎగిరిపోతది బిడ్డా. నీ మొకం మీదికే వస్తది సూడు."

పిల్ల ముఖం వెలిగిపోయింది. వాళ్లు చెప్పిన చోటల్లా గీత చెరిపింది, నేను మళ్లీ పోశాను. తలుపు వెడల్పయింది, కిటికీ పైకి జరిగింది. మెట్లు రోడ్డు వైపు, మైదానం గేటు పక్కన వచ్చాయి.

సాయంత్రం ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. అంగడిలో ఉల్లిగడ్డలు అమ్ముతాడు, ఎడ్లబండంత మనిషి. "సార్, మడిగెలు ఎవలెవలికి రాసిండ్రు?" అన్నాడు మెల్లగా.

"ఎవరికీ లేదు. సర్కారుది కాదిది. పిల్ల చదువు కోసం గీసింది."

ఆయన నవ్వి కన్ను కొట్టాడు. "గట్లనే చెప్పాలె సార్. నాకు సమజైంది."

ఆయనకు సమజైంది వేరు. ఊళ్లలో ఎవరికైనా సర్కారు ఇల్లు మంజూరైతే ముందు అధికారులు వచ్చి ముగ్గు పోయిస్తారు. ముగ్గు పడిందంటే ఆ ఇల్లు ఇక వాళ్లదే. కాగితం ఆగిపోవచ్చు, బిల్లు ఆగిపోవచ్చు, ముగ్గు మాత్రం అబద్ధం చెప్పదు. పాంటు, చొక్కా వేసుకున్న ముసలాయన, లాప్‌టాప్ పట్టుకున్న పిల్ల వచ్చి ముగ్గు పోసి పోతే, చదువు కోసమంటే ఎవరు నమ్ముతారు?

మరునాడు అంగడికి మేం చేరేసరికి మైదానంలో కేకలు. ముగ్గు గదుల్లో రాళ్లు పెట్టి, గోనెసంచులు పరిచి, ఎవరికి వాళ్లు పట్టుకుని కూర్చున్నారు. దెగ్లూర్ నుంచి మిరపకాయలు తెచ్చుకునే మనిషి ఒకడు మరాఠీలో తిడుతూ ఇంకొకడి రాళ్లు తీసి విసిరేస్తున్నాడు. చెప్పులాయన, గాజులాయన అప్పటికే కాలర్లు పట్టుకున్నారు. ఉల్లిగడ్డలాయన రోడ్డు వైపు గదిలో, మెట్ల పక్కనే, గుట్టగా సరుకు పోసుకుని కూర్చున్నాడు.

అప్పుడు వచ్చింది ఆకుకూరలామె. నలభై దాటిన మనిషి, నెత్తి మీద మూట, చంకలో బుట్ట. అంగడి రోజు తప్ప ఆ ఊరికి రాదు కాబట్టి ఆదివారం సంగతి ఆమెకు తెలియదు. గేటు పక్కన ఆమె తల్లి కాలం నుంచి కూర్చుంటున్న జాగాలో సున్నం మెట్లు కనిపించాయి. ఆమె ఒకసారి చూసి, మూట సరిగ్గా మెట్ల మీద దించి, కొడవలి తీసి కట్టలు కోయడం మొదలుపెట్టింది.

"ఏయ్, లే. మెట్ల మీద కూసుంటవా?" అన్నాడు ఉల్లిగడ్డలాయన.

"ఏం మెట్లు? నీ కండ్లకు రోగమొచ్చిందా?"

"కనవడ్తలేదా? తొవ్వకు అడ్డం కూసుంటే పైకి జనమెట్ల ఎక్కాలె? నా మడిగె ముంగట గిరాకెట్ల రావాలె?"

"పైకంటే యాడికిరా, మొగులు మీదికా?"

చుట్టూ ఉన్నవాళ్లు ఆకాశం వైపు చూసి నవ్వారు. ఆ నవ్వు పడలేదు అతనికి. లేచి వచ్చి ఆమె మూటను కాలితో తన్నాడు. పుంటికూర, పాలకూర రోడ్డు మీద పడ్డాయి. ఆమె లేచి బుట్టతో అతని ముఖం మీద కొట్టింది. ముక్కు నుంచి రక్తం కారింది. అతను వెనక్కి తిరిగి తరాజు అందుకున్నాడు. గొలుసులు, పళ్లేలు గలగలమంటుండగానే ఇనుప దండెతో కొట్టాడు. తలకు అడ్డం పెట్టిన ఆమె కుడిచెయ్యి మోచేతి కింద వంగిపోయింది.

ఆ తర్వాత ఎవరు ఎవరిని కొట్టారో చెప్పడం నా వల్ల కాదు. ఆమె ఊరివాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఉల్లిగడ్డలు రాళ్లయ్యాయి, తర్వాత రాళ్లే వచ్చాయి. గాజులాయన బండి బోర్లాపడింది. పగిలిన గాజుల మీద ఒకడు మరొకణ్ణి వెల్లకిలా వేసి ఈడ్చాడు. మనవరాలు మధ్యలోకి ఉరికి అరుస్తోంది: "గవి ఉత్త గీతలే! ఎవలకేం రాలేదు! నేను గీసిన గీతలే అవి!" ఎవరిదో మోచెయ్యి తగిలి పెదవి చిట్లింది. నేను ఆమె భుజం పట్టుకుని గుంజుతుంటే నా వీపు మీద రాయి పడింది. కళ్లద్దాలు ఎగిరి ఎవరి కాళ్ల కిందో నలిగాయి. పోలీసులొచ్చి లాఠీలతో ఎవరు దొరికితే వాళ్లను బాదేదాకా కొట్లాట ఆగలేదు.

దవాఖానలో ఆమెకు పిండికట్టు వేశారు. మనవరాలు వాచిన పెదవితో మంచం పక్కన నిలబడింది. అప్పటికే లాప్‌టాప్‌లో మెట్లను గేటు పక్క నుంచి తీసి వెనక గోడకు మార్చింది. ఆ బొమ్మ చూపించబోయింది.

"అది నా మొకాన కొట్టకు," అందామె. "మెట్లు యాడ పెట్టుకుంటవో పెట్టుకో. నా జాగ సంగతి చెప్పు."

"మీ జాగ మీదే అక్కా..."

"ఎట్ల నాదైతది? అంగడిల కూసున్నోనిదే జాగ. రెండు అంగళ్లు తప్పినమంటె ఇగ అడుగు పెట్టనియ్యరు. వాడు గుట్ట పోసుకుంటడు. చెయ్యి అతుక్కుంటది బిడ్డా. జాగ పోతె నేను నా పిల్లల నోట్ల మట్టి పెట్టాలె." మళ్లీ తనే అంది: "గీసేటప్పుడు ఆడ ఎవలు కూసుంటరని అడిగినవా?"

పిల్ల లాప్‌టాప్ మూసింది. ఆదివారం అడిగింది నిజమే. అడగవలసిన మనిషి ఆ రోజు లేదు.

"ఇంట్లవాళ్లు ఎవలన్న కూసోవచ్చా?" అని చివరికి అడిగింది.

"ఇంట్లవాళ్లు కూసుంటె నడుస్తది. నా మొగడు దుబాయిల ఉన్నడు. పిల్లలు చిన్నోళ్లు."

"నేను కూసుంట. మీ చెల్లెనని చెప్త."

ఆమె ఈ పిల్లను పైనుంచి కింది దాకా చూసింది. "నీకు చుక్కకూరకు, పాలకూరకు తేడా ఎరుకేనా?" అంది. అలా ఒప్పుకుంది.

వద్దని నేను అరిచాను, ఇంట్లో అందరం అరిచాం. పిల్ల వినలేదు. కనీసం ముగ్గయినా చెరిపేద్దామని మరుసటి ఆదివారం చీపుర్లు పట్టుకుని ఆ ఊరికి పోయాం. చూస్తే మేం పోసిన గీతలు కావవి. ఎవరో మళ్లీ పోశారు, మందంగా. ఉల్లిగడ్డలాయన గది రెండింతలైంది. మిరపకాయలాయన గోడ జరిగి గాజులాయన గదిని మింగేసింది. బీడీ హాలు చిక్కి మంచమంత అయింది. గేటు పక్కన మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

"నేను పెట్టిన మెట్లు ఉంచుకున్నరు తాతా," అంది పిల్ల. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా చీపురు వేసింది.

రెండు గీతలు చెరిగాయో లేదో, ఉల్లిగడ్డలాయన ఇద్దరు మనుషులతో వచ్చి నా చేతిలో చీపురు లాక్కుని దాని కర్రతో నా కాళ్ల మీద కొట్టాడు. "ముసలోనివని ఇడిసిపెడ్తున్న. మా ముగ్గు ముట్టుకుంటె కాళ్లు ఇరుగుతయ్."

"ముగ్గు మాది," అంది మనవరాలు.

"గీసినంత మాత్రాన నీదైతదా? పో, పోయి సదువుకో."

సోమవారం తెల్లవారుజామున మొదటి బస్సుకు మనవరాలు ఆకుకూరల మూటతో దిగింది. నేను వెంట ఉన్నాను. ఉల్లిగడ్డలు అప్పటికే మెట్ల దాకా వచ్చి ఉన్నాయి. ఆమె వాటిని చేతులతో అవతలికి నెట్టి గోనె పరిచి, ఆకుకూరలామె కొడవలి దాని మీద పెట్టుకుని కూర్చుంది. అతను వచ్చాడు.

"నువ్వెవలవే ఈడ?"

"మా అక్క జాగ. నేను చెల్లెను."

"నిన్న ముగ్గు నాదంటివి, ఇయ్యాల జాగ నాదంటవా?" జుట్టు పట్టి లేపాడు. నేను అడ్డం పోతే గుండె మీద తోశాడు, పడిపోయాను. ఆమె అతని చేతి మీద కొరికింది. అతను చెంప మీద కొట్టాడు. ఆమె కూలబడింది, పడ్డది మళ్లీ ఆ గోనె మీదే. రెండు చేతులతో గోనె అంచులు గట్టిగా పట్టుకుంది. ముక్కులోంచి కారిన రక్తం పాలకూర మీద పడుతోంది. చుట్టూ అంగడంతా నిలబడి చూస్తోంది, వెనకటి సోమవారం కొట్టుకున్నవాళ్లే. ఒక్కడూ కదల్లేదు. అతను ఈడ్చాడు. గోనెతో పాటు కొంచెం జరిగింది కానీ వదల్లేదు. అతను తరాజు కోసం వంగాడు.

ఆకుకూరలామె ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. దవాఖాన నుంచి పొద్దున్నే వచ్చేసిందట. పిండికట్టు చెయ్యి మెడకు వేలాడుతోంది. ఎడమచేత్తో గోనె మీది కొడవలి అందుకుని, దండె పట్టుకున్న అతని మణికట్టు మీద పెట్టి నొక్కింది. చర్మం తెగి ఎర్రగా గీత పడింది.

"ఒకటి నువ్వు ఇరగ్గొడితివి," అంది. "ఇది నేను తీసుకుంటె లెక్క సరి. ఇడుస్తవా?"

అతను ఆమె ముఖం చూశాడు. నేనూ చూశాను. బెదిరింపు కాదది. దండె కింద పడింది. మణికట్టు గట్టిగా పట్టుకుని అతను వెనక్కి నడిచి, తన గుట్టలో దొర్లిన ఉల్లిగడ్డలను కాలితో లోపలికి తోసుకున్నాడు.

ఆమె కొడవలి రక్తాన్ని చీర కొంగుకు తుడిచింది. మనవరాలు ఇంకా గోనె అంచులు పట్టుకునే ఉంది. వేళ్లు బిగుసుకుపోయి రావడం లేదు.

"లే బిడ్డా," అంది ఆమె. "నన్ను కూసోనియ్యి."

నేను వంగి ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడిపించాను. ఆమె కూర్చుని, నెత్తురు పడిన కట్టలు ఏరి పక్కన పెట్టి, మిగిలినవి ఎడమచేత్తో సర్దుకుంది. మనవరాలు పక్కన నిలబడి చూస్తోంది.

"నిలవడి ఏం చూస్తున్నవ్? నీళ్లు సల్లు," అందామె. "ఆకు వాడిపోతున్నది."