మగ్గం గుంటలోకి వచ్చిన నీళ్లు

ఆశ్వయుజ మాసం, చివరి ఆదివారం. ధర్మవరం. ఉన్నవారు: నేను, నా చెల్లెలి కూతురు, ఆమె భర్త, నా మనవరాలు.

డైరీలో ఆ రోజు ఇంతవరకే రాశాను. చేతులు తడిగా ఉన్నాయి. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

మనవరాలు హిందూపురంలో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లిషు చెబుతుంది. ఆమె ఎక్కిన రైలే నేను పెనుకొండలో ఎక్కాను. కార్తీకంలో ఆమె పెళ్లి. పెళ్లి చీరను మా మేనకోడలు, అంటే వరసకు ఆమె అత్త, స్వయంగా నేస్తోంది. అది చూడటానికే ఇద్దరం బయలుదేరాం.

రైల్లో మనవరాలు ఒక కాగితం తీసింది. మీద వచ్చి పడేవాటికీ, ఆగకుండా కురిసేవాటికీ ఇంగ్లిషులో ఉన్న మాటలు. టొరెంట్, వాలీ, బరాజ్, ఆన్‌స్లాట్, డెల్యూజ్.

"అన్నీ ఒకటే అర్థమని మా పిల్లోళ్లు బట్టీ పడతాండారు తాతా. ఒక్కోదానికీ మన పక్క ఉదాహరణ చెప్పు. అప్పుడన్నా తలకెక్కుతాది."

నేను నీటిపారుదల ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయ్యాను. ఇంగ్లిషు మాటలతోనే బతికాను గానీ, వాటిలో ఎక్కువ భాగం కరువు గురించినవి. అయినా ప్రయత్నించాను. వాలీ అంటే, కరువు చూడటానికి వచ్చిన అధికారిని అమరాపురం రైతులు అడిగే ప్రశ్నలు. అందరూ ఒక్కసారి అడుగుతారు, ఆగుతారు, మళ్లీ ఒక్కసారి అడుగుతారు. బరాజ్ అంటే పెళ్లింటికి పొద్దున లేచింది మొదలు వచ్చే ఫోన్లు. టొరెంట్‌కు గాండ్లపెంట పక్క కొండవాగు చెప్పాను. ఆన్‌స్లాట్‌కు, వేరుశనగ చేలో గొర్రెల మంద పడటం.

"గొర్రెలా?" అంది మనవరాలు. "ఇది చెప్తే మా ప్రిన్సిపాల్ నన్ను గొర్రెల్లోకే తోలుతాడు."

డెల్యూజ్‌కు, అంటే ముంచెత్తే వరదకు, నా దగ్గర ఏమీ లేదు. ఆ మాటను నా సర్వీసులో ఒక్కసారీ టైపు చేయలేదని చెప్పాను. ఆమె దాని పక్కన చుక్క పెట్టుకుంది.

మేనకోడలి ఇంట్లో మగ్గం ముందుగదిలో ఉంది. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి, గట్టు మీద కూర్చుని నేసే పాత పద్ధతి మగ్గం. మోకాళ్లు పాడయ్యాయనీ, ఇక గుంటలో కూర్చోవద్దనీ డాక్టరు ఆమెకు చెప్పాడు. ఈ చీర నేసి మగ్గం దిగిపోతానని ఆమె అందరికీ చెప్పేసింది. ముదురు ఎరుపు చీర, ఆకుపచ్చ అంచు. కొంగు మాత్రం మిగిలి ఉంది. కొంగు పూర్తి కాకుండా పోగులు కోసిన చీరను పెళ్లికూతురికి ఇవ్వరు. అది వాళ్ల ఇంటి పట్టింపు.

మేము భోజనం చేస్తుండగా వీధిలో డప్పులు వినిపించాయి. చెరువు నిండి మరవ పారుతోందని, అలుగు దాటి నీళ్లు పోతున్నాయని ఎవరో కేక వేశారు. వారం రోజులుగా వానలు పడుతున్నా, చెరువు పొర్లుతుందని ఎవరూ అనుకోలేదు. మా ప్రాంతంలో చెరువు పొర్లితే జనం పారిపోరు, ఎదురు వెళతారు. మేనకోడలు పళ్లెంలో పసుపు, కుంకుమ, రవిక గుడ్డ, టెంకాయ పెట్టుకుంది. ఆమె భర్త తలుపుకు గొళ్లెం వేశాడు. నలుగురం గంగపూజకు వెళ్లాం. నీళ్లు మరవ మీదుగా దూకుతుంటే ముసలివాళ్లు కూడా చేతులెత్తి మొక్కారు. మనవరాలు నా చెవి దగ్గర, "డెల్యూజ్ దొరికింది తాతా," అంది.

దొరికింది అది కాదని ఇంటికి వచ్చాక తెలిసింది. గడప పొడిగా ఉంది. వీధి పొడిగా ఉంది. మగ్గం గుంటలో మాత్రం మోకాలి లోతు నీళ్లున్నాయి. పైనుంచి రాలేదు, నేలలోంచి ఊరాయి. చెరువు నిండితే గుంటలో ఊట వస్తుందన్న సంగతి నలుగురిలో ఒక్కరికీ తోచలేదు. నీళ్లు లేకపోతే ఏం చేయాలో అందరికీ తెలుసు.

"చీర కోసేద్దాం," అన్నాడు భర్త. నేసిన చీర చుట్టుకున్న దూలం గుంట గట్టుకు జానెడు ఎత్తులో ఉంది.

"కత్తి ముట్టినావంటే చూడు," అంది మేనకోడలు. కట్టుకున్న చీర కుచ్చిళ్లు ఎగదోపి, నీళ్లలోకి కాళ్లు దించి నేయడం మొదలుపెట్టింది.

"మోకాళ్లు ఏమైపోతాయే?"

"నా మోకాళ్లతో నీకేం పని? బకెట్ ఎత్తు."

కరెంటు లేదు, మోటారు పెట్టే వీలు లేదు. అతను ముంచి ఇస్తే మనవరాలు అందుకుంది, నేను వాకిట్లో పారబోశాను. తోడినంతా మళ్లీ ఊరుతోంది. చప్పుడు లేదు. మనవరాలు ఒకసారి బకెట్ పట్టుకుని ఆగింది.

"దీనికేం మాట తాతా?"

"నీ కాగితంలో లేదు. అవన్నీ ఎదురుగా, చప్పుడు చేసుకుంటూ వచ్చేవి."

కాళ్ల కింది తొక్కుడు పలకల తాళ్లు నాని బిగుసుకుపోయాయి. ఒక్కో పోగు దాటించడానికి ఆమె రెండు కాళ్లతో తొక్కవలసి వచ్చింది. దీపాలు పెట్టే వేళకు నీళ్లు గట్టును అందుకున్నాయి. అప్పటికి కొంగు సగం అయింది. ఆమె చెయ్యి చాపింది. భర్త కత్తి ఇచ్చాడు. పోగులు తనే కోసింది. ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు, అన్నం తినలేదు.

మరునాడు ఉదయం ఎండ కాసింది. మనవరాలు రైలు వేళకు ముందే చీర తీసి, చుడీదార్ మీదనే భుజాన వేసుకుంది. కొంగు నడుము దాకా వచ్చి ఆగింది.

అది చూడగానే మేనకోడలు నోరు తెరిచింది. చెరువును తిట్టింది. మొక్కిన గంగమ్మను తిట్టింది. "ఇన్నేండ్లు యాడ చచ్చినావు, ఇప్పుడే గుర్తొచ్చినామా నీకు?" అంది. గొళ్లెం వేసిన భర్తను, డప్పు కొట్టినవాళ్లను, నన్ను వరసగా అందుకుంది. "మామా, నీళ్ల ఆఫీసులో చేసినావే, నీళ్లు యాడికి పోతాయో తెలీదా నీకు?" భర్త బకెట్ పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. "తిట్టనీ మామా," అన్నాడు నాతో మెల్లగా, "నిన్నట్నించి లోపలే పట్టుకోనుండాది."

మనవరాలు చీర తీయలేదు. తిట్లు ఆగేదాకా అలాగే నిలబడింది. చివరికి మేనకోడలికి గొంతు పోయింది.

"అది తీసి ఈడ పెట్టు. పెండ్లికి అంగట్లో వేరేది కొనుక్కో."

"నేను ఇదే కట్టుకుంటా అత్తా."

"సగం కొంగుతో కూర్చుంటావా పీటల మీద?"

"కూర్చుంటా."

మనవరాలు చీర మడిచి సంచిలో పెట్టబోయింది. మేనకోడలు ఆ మడత చూసింది. తర్వాత కుంటుకుంటూ వచ్చి, ఆమె చేతిలోంచి చీర లాక్కుని మంచం మీద పరిచింది.

"జరీ లోపలికి రావల్ల. అట్ల మడిస్తే నలుగుతాది," అని తన చేత్తో మడిచి సంచిలో పెట్టింది.